బందరు ఎరుపు

బందరు కలంకారీ మీద ఎవరు రాసినా గోల్కొండ నవాబులతో మొదలుపెడతారు, డచ్చివాళ్లనూ ఇంగ్లిషువాళ్లనూ పలకరిస్తారు, చివరికి పెడన చీర దగ్గరకొచ్చి ఆగుతారు. ఆ కథలో ఓడలుంటాయి, ఫర్మానాలుంటాయి, ఇరానీ వర్తకులుంటారు. రంగు ఎలా పట్టిందన్న సంగతి మాత్రం ఉండదు. ఉద్యోగమంతా బందరులో కుర్రాళ్లకు కెమిస్ట్రీ చెప్పుకుంటూ గడిపినవాణ్ణి కాబట్టి నాకు ముందుగా ఆ లోటే కనిపిస్తుంది. పువ్వులూ లతలూ నెమళ్లూ ఏ దేశంవాడైనా గీయగలడు. నూలుగుడ్డ మీద వేసిన ఎరుపు వంద ఉతుకులకీ పోకుండా నిలబెట్టడం నాలుగు వందల ఏళ్ల కిందట ఐరోపాలో ఎవరికీ చేతకాలేదు. కృష్ణా తీరంలో చేతనైంది. ఓడలు వచ్చింది దానికోసం.

నూలుకు రంగు పట్టించడం కష్టం. ఉన్నికీ పట్టుకీ తేలిగ్గా పడుతుంది, నూలుకు వేసిన రంగు ఉతికితే పోతుంది. రంగుకీ గుడ్డకీ నడుమ రెంటినీ పట్టుకునే లోహపు లవణం ఏదో ఉండాలి. దాన్ని మేం పాఠంలో మోర్డెంట్ అనేవాళ్లం. బందరు అద్దకంలో ఆ పని పటికా ఇనుమూ చేస్తాయి. ఒకసారి ప్రాక్టికల్స్‌లో టానిన్ ద్రావణంలో ఇనుప లవణం చుక్క వేసి, నల్లగా మారడం చూపిస్తున్నాను. పెడన నుంచి వచ్చే కుర్రాడొకడు వెనక నుంచి, "సార్, ఇది మా నాన్న రోజూ చేసేదేనండీ. కరక్కాయ గుడ్డ మీద నల్లచ్చు కొట్టడమే కదండీ" అన్నాడు. ఆ తర్వాత ఆ పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పరీక్షనాళిక పక్కన పెట్టి, అద్దకపు గుడ్డ ముక్క పట్టుకుని చెప్పేవాణ్ణి.

పని ఎలా సాగుతుందో కాస్త నిదానంగా చెప్పాలి, అసలు చరిత్ర అందులోనే ఉంది కనుక. మగ్గం మీంచి వచ్చిన కోరా గుడ్డకు గంజీ జిడ్డూ ఉంటాయి. పేడనీళ్లలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెట్టి, తడిపి, మళ్లీ ఆరబెట్టి చలవ చేస్తారు. ఆ తెల్లగుడ్డను కరక్కాయ నీళ్లలో ముంచి తీస్తే లేత పసుపు రంగు వస్తుంది. కరక్కాయలో టానిన్ దండిగా ఉంటుంది, ఇప్పుడు గుడ్డ నిండా అదే. ఇక నలుపు. తుప్పు పట్టిన ఇనుప ముక్కల్ని బెల్లంతో కలిపి నీళ్లలో వేసి కుండలో కొన్ని వారాలు మురగబెడతారు. బెల్లం పులిసి ఆమ్లమవుతుంది, ఆమ్లం ఇనుమును కరిగిస్తుంది. దీన్నే కసిం అంటారు. కుండ మూత తీస్తే పుల్లటి ఘాటు ముక్కుకు కొడుతుంది. ఆ నీళ్లలో అచ్చు ముంచి కరక్కాయ గుడ్డ మీద వేస్తే గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లను తుమ్మబంకతో చిక్కబరిచి మరో అచ్చుతో వేస్తారు. పటికకు రంగు లేదు. ఎక్కడ వేశారో కంటికి కనపడాలి కాబట్టి అందులో ఏదో పోయే రంగు కాస్త కలుపుతారు.

అచ్చు వేసిన గుడ్డను కొద్దిరోజులు ఆగనిచ్చి పారే నీళ్లలో జాడిస్తారు. ఇక్కడే పనితనమంతా. ఎక్కువైన పటిక నీళ్లలో కొట్టుకుపోవాలి, పక్కనున్న తెల్లమీద మాత్రం చేరకూడదు. నిలవనీళ్లలో జాడిస్తే పటిక గుడ్డంతా పాకి, ఉడికేటప్పుడు మొత్తం ఎర్రమరకలవుతుంది. అందుకే ప్రవాహం కావాలి, అందులోనూ గుడ్డ పట్టుకునేవాడికి చేతివాటం తెలియాలి. తర్వాత రాగి కాగులో ఎర్రరంగు వేరు వేసి ఉడికిస్తారు. గుడ్డంతా అదే నీళ్లలో ఉడుకుతుంది, పటిక ఉన్నచోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. ఇనుము ఉన్నచోట నలుపు ముదురుతుంది. రెండూ కలిసినచోట ముదురు వంకాయ రంగు. మిగతా చోట పట్టిన పలచని ఎరుపును మళ్లీ పేడనీళ్లూ ఎండా కలిసి తీసేస్తాయి. నీలం కావాలంటే మిగతాదంతా మైనంతో కప్పి నీలిమందు తొట్టిలో ముంచాలి. పసుపుకు దానిమ్మ తొక్కో, కరక్కాయ పువ్వో. నీలం మీద పసుపు పడితే ఆకుపచ్చ. పాత గుడ్డల్లో ఆకులు నీలంగా కనపడతాయి చూడండి, ఆ పసుపు కాలక్రమాన పోయింది. ఎరుపు మాత్రం ఉంటుంది.

ఆ ఎరుపునిచ్చేది చిరువేరు. సముద్రపు ఒడ్డు ఇసుకలో, నత్తగుల్లల సున్నం కలిసిన నేలలో పెరిగే చిన్న మొక్క. కొమ్మా రెమ్మా చూస్తే కలుపు మొక్క అనుకుంటాం. రంగంతా సన్నని పొడుగాటి వేరు బెరడులో ఉంటుంది. తోటలో వేసిన దానికంటే ఇసుకలో దానంతట అది మొలిచిన వేరే మేలని పాత అద్దకందార్ల నమ్మకం. అందులో సైన్సు ఉంది. ఎరుపు రంగు పటికతో బిగిసి కట్టుకోవాలంటే సున్నం కూడా కావాలి. సున్నం ఉన్న నేలలో పెరిగిన వేరు దాన్ని కూడా మోసుకొస్తుంది. పాత గుంటూరు జిల్లా తీరాన నిజాంపట్నం, ఈస్టిండియా కంపెనీ లెక్కల్లో పెటపోలి, ఈ వేరుకు పేరుపొందింది. డచ్చివాళ్లు 1605లో ఈ తీరానికి వచ్చారు. 1611లో గ్లోబ్ అనే ఓడ మీద ఇంగ్లిషువాళ్లు వచ్చి పెటపోలిలోనూ బందరులోనూ దిగారు. వేరున్న చోటూ ఓడరేవున్న చోటూ దగ్గర దగ్గరగా ఉండటం వాళ్ల అదృష్టం.

వాళ్లు ఈ గుడ్డలు మొదట కొన్నది ఇంగ్లండుకో హాలండుకో కాదు. జావా, సుమత్రా, మలుకూ దీవుల్లో లవంగాలూ జాజికాయలూ కొనాలంటే అక్కడివాళ్లు వెండికంటే ఈ తీరపు గుడ్డనే అడిగేవాళ్లు. బందరు గుడ్డ పట్టుకెళ్లి లవంగాలు తెచ్చి ఐరోపాలో అమ్మడం కంపెనీల వ్యాపారం. 1618 నుంచి నాలుగేళ్లు బందరులో ఉన్న విలియం మెత్‌వోల్డ్ ఈ గుడ్డల రంగు గుడ్డ చినిగేదాకా పోదని రాసుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే ఇంకొంచెం వివరంగా చెప్పాడు. గోల్కొండ రాజ్యంలో, ముఖ్యంగా బందరు చుట్టుపక్కల, కలంతో వేసే గుడ్డలు తయారవుతాయనీ, పనివాళ్లెంత శ్రమపడ్డా అడిగినంత సరుకు అందడం లేదనీ అతని మాట.

కలంతో వేసేవి అన్న మాట గమనించండి. ఆనాటి మేలి సరుకు చేత్తో గీసినది. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియంలో 1640లనాటి గోల్కొండ రుమాళ్లు కొన్ని ఉన్నాయి. ఆమేరు రాజుల భాండాగారంలో ఉండి వచ్చినవి. వేటగాళ్లు, విందులు, టోపీలు పెట్టుకున్న పరంగులు, ఒక్క గుడ్డ మీద ఎందరో మనుషులు, ఎన్నో ముఖాలు. వాటిలో అచ్చు పని లేదు. అచ్చు గుడ్డ అప్పుడూ ఉంది, కానీ సామాన్యుల కోసం, దీవుల వర్తకం కోసం, చవక సరుకుగా. ఇప్పుడు మనం అచ్చును బందరు ప్రత్యేకత అంటున్నాం, కలాన్ని కాళహస్తికి వదిలేశాం. కాళహస్తిలో కలం మిగిలింది గుళ్ల కోసం, రామాయణ భారతాల తెరల కోసం. బందరులో గుడ్డ ఎప్పుడూ అంగడి సరుకే, కాబట్టి కొనేవాడు మారినప్పుడల్లా పనీ మారింది. ఇందులో దిగజారడమేమీ లేదని నా అభిప్రాయం. ఒక్క అచ్చును తప్పులేకుండా పక్కపక్కన వేలసార్లు వేయడం కూడా చిన్న పని కాదు.

ఐరోపాలో ఆడవాళ్లు ఈ గుడ్డల మీద మోజుపడటం పదిహేడో శతాబ్దం చివరికి మొదలైంది. దాంతో అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లకు ఒళ్లుమండింది. ఫ్రాన్సు 1686లో అద్దకపు గుడ్డల్ని నిషేధించింది. ఇంగ్లండు 1700లో దిగుమతి ఆపింది. చట్టానికి కూడా జనం లొంగలేదు. 1719లో లండన్ వీధుల్లో నేతగాళ్లు అద్దకపు గౌన్లు వేసుకున్న ఆడవాళ్ల మీదపడి బట్టలు చింపారు. 1721లో ఇంకో చట్టం తెచ్చి వేసుకోవడాన్నే నేరం చేశారు. అది 1774 దాకా రద్దు కాలేదు.

నిషేధమున్న కాలంలోనే గుట్టు లాగడం మొదలుపెట్టారు. ఫ్రెంచి నావికాదళ అధికారి బోల్యూ 1734 ప్రాంతంలో పాండిచ్చేరిలో కూర్చుని, గుడ్డ ఒక్కో దశ దాటినప్పుడల్లా ఒక్కో ముక్క కత్తిరించుకున్నాడు. ఆ ముక్కలు ఇప్పటికీ పారిస్ ప్రకృతి విజ్ఞాన మ్యూజియంలో ఉన్నాయి. ప్రపంచంలో అద్దకం మీద ఇంతకంటే నిజాయితీ గల ల్యాబ్ రికార్డు నేను వినలేదు. 1742లో జెస్యూట్ పాద్రీ కేర్దూ, తాను మతం ఇచ్చిన అద్దకందార్ల దగ్గర విని, పద్ధతంతా వరసగా ఉత్తరం రాసి ఫ్రాన్సుకు పంపాడు. ఈ కేర్దూ మన భాష బాగా నేర్చుకున్నవాడు. సంస్కృతానికీ లాటిన్ గ్రీకులకూ చుట్టరికం ఉందని సర్ విలియం జోన్స్ కంటే ముందే రాసినవాడు. భాషాశాస్త్రంవాళ్లు అతన్ని అందుకు గుర్తుపెట్టుకుంటారు. నేను ఈ ఉత్తరానికి గుర్తుపెట్టుకుంటాను. కోరాగుడ్డ చలవ దగ్గర్నుంచి చివరి ఉతుకు దాకా ఉన్న ఆ వివరాలు బందరు వాళ్లకు కడుపు కొట్టే కాగితం. అతనికి అద్దకం చెప్పిన మనుషుల పేర్లు అందులో లేవు.

ఆ తర్వాత సామర్లకోటలో ఉన్న కంపెనీ డాక్టరు రాక్స్‌బర్గ్ తన కోరమాండల్ మొక్కల గ్రంథం మొదటి సంపుటంలో, 1795లో, చిరువేరు బొమ్మ అచ్చువేయించి తీరపువాళ్లు దాంతో ఎరుపు ఎలా కాస్తారో రాశాడు. అప్పటికే పని జరిగిపోయింది. 1759 చైత్రంలో, అంటే ఏప్రిల్‌లో, కర్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్ల దగ్గర్నుంచి బందరు కోట గెలిచాడు. అదే ఏడు ఫ్రాన్సు అద్దకం మీద నిషేధం ఎత్తేసింది. మరుసటి ఏడే ఓబర్‌కాంఫ్ పారిస్ దగ్గర జూయీలో అద్దకపు కార్ఖానా పెట్టాడు. ఫ్రెంచివాళ్లకు బందరు పోయింది, బందరు పనితనం మాత్రం చేతికొచ్చింది. 1783లో ఇంగ్లండులో థామస్ బెల్ రాగి రోలరుతో గుడ్డ అచ్చువేసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాక, చేత్తో అచ్చు కొట్టేవాడు ధరలో దాన్ని అందుకోలేకపోయాడు.

ఐరోపా పోయింది కానీ ఇరాన్ మిగిలింది. పంతొమ్మిదో శతాబ్దమంతా బందరుకు అన్నం పెట్టింది పర్షియా అంగడి. నమాజు గుడ్డలు, పరుపుల మీది దుప్పట్లు, గోడల తెరలు. మెహ్రాబు కమాను, కమాను కింద సర్వీ చెట్టు, అంచుల్లో పారసీ పద్యాల వరస. ఒకే నమూనా వందలకొద్దీ అడిగే అంగడి అది, కాబట్టి అచ్చుకు ప్రాధాన్యం వచ్చింది. టేకు చెక్క మీద గీతల అచ్చు వేరు, నింపుడు అచ్చులు రంగుకొకటి వేరు. చెక్కేవాడి చేతిలో ఉలి కాస్త జారితే ఆ తప్పు గుడ్డ మీద వెయ్యిసార్లు పడుతుంది. ఈనాడు పెడన చీరల మీద కనిపించే వంపు తిరిగిన ఆకులూ, కమాన్లూ, సర్వీ చెట్లూ ఆ ఇరానీ నమూనాల వారసత్వమే.

1864 నవంబరులో ఉప్పెన వచ్చింది. బందరు చుట్టుపక్కల ముప్పై వేల మంది పోయారంటారు. సముద్రం మైళ్ల దూరం లోపలికి వచ్చింది. ఓడరేవుగా బందరు ఆ తర్వాత కోలుకోలేదు. రంగు చరిత్రకు మాత్రం అంతకంటే పెద్ద దెబ్బ నాలుగేళ్లకు బెర్లినులో తగిలింది. 1868లో గ్రేబే, లీబర్‌మన్ అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు ఐరోపా మంజిష్ఠ (మాడర్) ఎరుపుకు కారణమైన అలిజరిన్‌ను తారులో దొరికే ఆంత్రసీన్‌తో తయారుచేశారు. పేటెంటు కోసం మరుసటి ఏడు జర్మన్లకూ లండన్‌లో పెర్కిన్‌కూ ఒక్క రోజు తేడా వచ్చింది. మన చిరువేరులో ఉన్నదీ ఆ అలిజరినే. అణువు ఒకటే. వేరులో పక్కన ఇంకొన్ని పదార్థాలుంటాయి, వాటి వల్ల వేరు ఎరుపు కాస్త మెత్తగా, లోతుగా ఉంటుంది. డబ్బాలో వచ్చినది నేరుగా, ముదురుగా ఉంటుంది. వేరు తవ్వడానికి మనిషి కావాలి, దంచడానికి మనిషి కావాలి, కాగుల్లో కట్టెలు కావాలి. డబ్బా చవక. కొన్ని దశాబ్దాల్లో తీరం వెంట చిరువేరు తవ్వేవాళ్లు కరువయ్యారు. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిమందు వచ్చి కడప నీలిని కూడా దెబ్బతీసింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ డబ్బాలు రావడం ఆగి అద్దకందార్లు ఇబ్బంది పడ్డారు. మద్రాసు ఆర్ట్స్ స్కూలు పెద్ద హాడవే ఆ యుద్ధకాలంలోనే, 1917లో, మద్రాసు రాష్ట్రంలోని కలం పనీ అచ్చు పనీ గురించి పుస్తకం వేశాడు. దిగుమతి రంగు ఇంతలో అలవాటుగా మారిపోయిందని అందులో తెలుస్తుంది.

ఇదే చిరువేరుతో చీరాల వాళ్లు నూలునే ఎర్రగా కాచి నేసేవాళ్లు. నువ్వులనూనెలో, కాయలు కాల్చిన బూడిదలో నూలును రోజుల తరబడి నానబెట్టి చేసే తేలియా రుమాళ్లు అరబ్బుదేశాలకు వెళ్లేవి. ఇప్పుడు ఆ పని నల్గొండ వైపు పుట్టపాకలో బతికి ఉంది. అక్కడా ఎరుపు అలిజరినే.

స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ చేతివృత్తుల బోర్డు ద్వారా ఈ పనుల్ని నిలబెట్టారు. 1957లో కాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టించారు. బందరు పని ఒక్కొక్కటిగా పెడనకు, పక్క పల్లెలకు చేరింది. పెడనకు అనుకూలం కాలువ. 1855లో బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట పూర్తయి డెల్టా కాలువలు పారాక, ఉప్పుకయ్యల్ని నమ్ముకోకుండా మంచినీటి ప్రవాహంలో జాడించే వీలు కలిగింది. వరికోసం తవ్విన కాలువ అద్దకానికీ ఆధారమైంది. కాలువ కట్టేసిన నెలల్లో జాడింపు ఆగుతుంది. వాన పడితే చలవ ఆగుతుంది. మా స్టూడెంట్ల ఇళ్లల్లో సెలవులు ప్రభుత్వం క్యాలెండరు ప్రకారం ఉండేవి కావు, కాలువనూ మబ్బునూ బట్టి ఉండేవి.

ఆ కాలువలో మోకాలి లోతున నిలబడి రోజంతా గుడ్డ జాడించేవాళ్ల గురించి ఎవరూ రాయరు. మద్రాసులో కంపెనీవాళ్లు కోటకు ఉత్తరాన తమ గుడ్డ ఉతికేవాళ్లకు ఏకంగా ఊరే కట్టించారు, అదే నేటి వాషర్‌మన్‌పేట. చలవ సరిగా లేకపోతే రంగు రాదని వాళ్లకు తెలుసు. మనం మాత్రం అచ్చు చెక్కినవాడికి అవార్డిస్తాం, అద్దినవాడికి ఫొటో తీస్తాం, ఉతికినవాడిని ఫొటోలో వెనక్కి నెట్టేస్తాం. చేతులూ కాళ్లూ ఇనుప నీళ్లకూ పటికకూ పగిలి ఉండేది అతనికే.

ఇప్పుడు చేదుగా ఉన్నా చెప్పాల్సిన మాట. ఈనాటి బందరు కలంకారీలో నలుపు బెల్లం ఇనుముదే, పసుపు చాలాచోట్ల చెట్టుదే, ఎరుపు మాత్రం ఎక్కువగా డబ్బా అలిజరిన్. అయినా పటిక పనీ జాడింపూ ఉడికింపూ పాతవే. దీన్ని తప్పని నేను అనను. కెమిస్ట్రీవాడికి అణువు అణువే. కానీ దుకాణంలో "పూర్తిగా మూలికా రంగులు" అని చీటీ కట్టి అమ్మడం తప్పు. అంతకంటే తప్పు ఇంకొకటి ఉంది. హైదరాబాదులో ఒక పెద్ద షోరూంలో నా కోడలికి కలంకారీ అని చెప్పి చీర చూపించారు. వెనక్కి తిప్పి చూస్తే తెల్లగా ఉంది. మెషీను మీద స్క్రీను ప్రింటు. అచ్చు గుడ్డను ఉడికించి తీస్తే వెనక్కి కూడా రంగు దిగుతుంది, పైగా అచ్చు అచ్చు కలిసేచోట ఎక్కడో ఒక వెంట్రుకవాసి తేడా ఉంటుంది. బందరు కలంకారీకి భౌగోళిక గుర్తింపు ఉన్నా ఈ నకిలీ ఆగలేదు, గుడ్డ తిరగేసి చూసే కొనుగోలుదారు లేడు మరి.

చీర కొనేటప్పుడు వెనక్కి తిప్పి చూడండి. ఎరుపు దేనితో కాచారో అడగండి, డబ్బా అన్నా నచ్చితే కొనండి, వేరు అన్నవాణ్ణి ఏ వేరో చెప్పమనండి. వీలైతే పెడన వెళ్లండి, బందరు నుంచి పది కిలోమీటర్లే. ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు వెళ్లొద్దు, పని కనపడదు. సంక్రాంతికి అటూ ఇటూ వెళ్లి, అచ్చు కొట్టే షెడ్డుతో ఆగకుండా కాలువ గట్టు దాకా నడవండి. జాడించేవాళ్లతో కాసేపు మాట్లాడి రండి.